ఏటి అవతలి ఆటగాడు

లోవర్ హట్,
ఆదివారం మధ్యాహ్నం

అక్కయ్యకు,

నీ తమ్ముడు సదాశివం దూరం నుంచే నీ పాదాలకు మొక్కి రాస్తున్న సంగతులు. నేనూ, మురళీ, కోడలూ, మనవడు కార్తీకూ ఒంటి వరకు కులాసాగానే ఉన్నాం. నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? కంటి ఆపరేషన్ తర్వాత అక్షరాలు ఆనుతున్నాయా? నీ కోసమే పెద్దపెద్దగా రాస్తున్నాను. ఫోను చేద్దామంటే కార్డు సగంలో అయిపోతుంది, పైగా హాల్లో అందరూ వింటూ ఉంటారు. ఈ సంగతులు వాళ్ళ ముందు చెప్పేవి కావు.

ఇక్కడ నడి చలికాలం. మంచు వైపు నుంచి వచ్చే దక్షిణపు గాలి మొదలైతే ఈ చెక్క ఇళ్ళు మూలుగుతాయి. హీటరు ఒక్క హాల్లోనే. నా గదిలో రెండు స్వెట్టర్లు, మంకీ క్యాపు పెట్టుకుని పడుకుంటున్నాను. కోడలు వారానికి సరిపడా కూరలు ఆదివారమే వండి ఫ్రిజ్‌లో పెడుతుంది. అన్నం మాత్రం ఏపూటకాపూట వేడిగానే పెడుతుంది, అబద్ధం చెప్పకూడదు. మాట్లాడే మనిషి లేడు. తెచ్చుకున్న పుస్తకాలన్నీ రెండోసారి కూడా చదివేశాను. పొద్దున్నే ఏటి గట్టు మీద నడుస్తాను. ఆరోగ్యం గురించి నువ్వు బెంగపడకు, నిజంగానే బాగున్నాను.

ఇక అసలు సంగతి. కార్తీక్ వాళ్ళ కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులో ఆడుతున్నాడు. ఇక్కడ కాలేజీ అంటే మన హైస్కూలే. మన తెలుగువాళ్ళకి ఈ ఆట ఒక కొత్త జబ్బు. శుక్రవారం సాయంత్రం ఆఫీసుల నుంచి తిన్నగా జిమ్ములోకి వచ్చి పడతారు. అందరికీ ముందు కూర్చునేవాడు వీరప్రసాద్. ఇక్కడి తెలుగు సంఘానికి అధ్యక్షుడు. మురళికి మొదటి ఉద్యోగం వేయించింది అతనే, అందుకని మురళి అతని ముందు చేతులు కట్టుకు నిలబడతాడు. ఉగాదికి నన్ను వేదిక ఎక్కించి, కావ్యాల గురించి నాలుగు మాటలు చెప్పమని, రెండో మాట దగ్గరే "అంకుల్, బిర్యానీ చల్లారిపోతోంది" అని మైకు లాక్కున్నది కూడా అతనే. అది నేను మరిచిపోలేదు. మరిచిపోను కూడా.

వీళ్ళందరి పగ జోయెల్ అనే కుర్రాడి మీద. గుంటూరు వైపు క్రైస్తవుల పిల్లాడు. తండ్రి లేడు. తల్లి మేరీకుమారి వృద్ధాశ్రమంలో నర్సు. పోయినేడాది దాకా జోయెల్ కార్తీక్ జట్టులోనే ఆడాడు. కార్తీక్‌కి బంతి పట్టుకోవడం నేర్పిందే వాడు. తల్లికి రాత్రి డ్యూటీలు పడ్డాక, కుర్రాణ్ణి ఇంట్లో ఒంటరిగా వదల్లేక, ఏటికి అవతల చెల్లెలి ఇంట్లో ఉంచింది. దాంతో వాడు అవతలి కాలేజీకి మారాడు. ఆ జట్టు అప్పటి నుంచి గెలుస్తూనే ఉంది.

ఇక్కడ ప్రతి మంచి కాలేజీకీ ఒక జోన్ ఉంటుంది. ఫలానా వీధుల్లో కాపురముంటేనే పిల్లల్ని చేర్చుకుంటారు. జోయెల్ పినతల్లి ఇంట్లో ఉండటం లేదు, దొంగ అడ్రసు చూపించి, ఆట కోసం కొనుక్కుపోయారు అని మనవాళ్ళ గోల. వీరప్రసాద్ కాలేజీల కమిటీకి కంప్లయింటు పెట్టాడు. తల్లిదండ్రులందరి చేతా సంతకాలు పెట్టించాడు. మురళి కూడా పెట్టాడు. అది నిజమని తేలితే కుర్రాడికి ఫైనల్ లేదు, ఆ కాలేజీలో సీటే లేదు.

సెమీఫైనల్ ఈ రెండు కాలేజీలకే పడింది. ఆ రోజు జిమ్ములో చూసింది చెబుతాను విను. మన కాలేజీ పిల్లలు ఎవరింటి ముందో పాతిన ఫర్ సేల్ బోర్డు పీక్కొచ్చారు. జోయెల్ బంతి పట్టుకున్నప్పుడల్లా ఆ బోర్డు ఎత్తి, బెంచీలు బాదుతూ, "వేర్ డు యు లివ్? వేర్ డు యు లివ్?" అని కేకలు. పెద్దవాళ్ళు ఊరి మ్యాపులు పంచుకుని ఊపుతున్నారు. జీవితమంతా వ్యంగ్యం పాఠం చెప్పినవాణ్ణి, అక్కయ్యా. తిట్టడం నాకు అభ్యంతరం కాదు. తిట్టులో కాస్త బుర్ర ఉండాలి. వీళ్ళ దగ్గర గొంతు తప్ప ఇంకేం లేదు.

జోయెల్ ఫ్రీ త్రోకి, అంటే ఎవరూ అడ్డు లేకుండా బంతి బుట్టలో వేయడానికి, నిలబడ్డాడు. హాలు ఒక్క క్షణం సద్దుమణిగింది. అప్పుడు వీరప్రసాద్ తెలుగులో అరిచాడు.

"ఒరేయ్ జోయెలూ! ఇవాళ పడక ఎవరింట్లో రా? మీ అమ్మ ముసలాళ్ళకి గుడ్డలు మార్చే చోటా?"

మా వైపు బెంచీలన్నీ పగలబడి నవ్వాయి. అవతలి బెంచీల్లో తెలుగు తెలిసిన మనిషి ఒక్కర్తే ఉంది. యూనిఫారం మీద స్వెట్టరు వేసుకుని, డ్యూటీకి వెళ్ళేముందు కొడుకు ఆట చూసుకుందామని వచ్చింది. ఆమె ముఖంలో నవ్వు అలాగే ఉంది, చేతులు చప్పట్లు కొడుతూనే ఉన్నాయి, కళ్ళు మాత్రం కిందకి దిగిపోయాయి. కుర్రాడు బంతి విసిరాడు. అది రింగుకి కూడా తగల్లేదు. మురళి నవ్వుతున్నాడు. మన ఇంట్లో పుట్టినవాడు.

నేను లేచాను.

"ఏమోయ్ ప్రసాదూ! నీ కూతురు ఎవరింట్లో పడుకుంటోందయ్యా? నేను నీకు తండ్రినెప్పుడయ్యాను?"

ఈ రెండు మాటలూ నీకు అర్థం కావాలంటే ఒకటి చెప్పాలి. వీరప్రసాద్ ఇల్లు కొండ మీద, అద్దాల మేడ, మన కాలేజీ జోన్‌కి చాలా దూరం. అతని కూతురికి సీటు దొరికింది మా ఇంటి అడ్రసు మీద. రోజూ పొద్దున్నే కారులో తెచ్చి మా గేటు దగ్గర దింపుతాడు, ఆ పిల్ల అక్కడి నుంచి నడిచి వెళుతుంది, మా ఇంట్లోంచి బయల్దేరినట్టు. పిల్లని చేర్చిన కొత్తలో, కాలేజీ నుంచి ఒక దొరసాని ఇల్లు చూడటానికి వస్తోందని తెలిసి, మొగుడూ పెళ్ళాం ముందుగానే వచ్చి మా హాల్లో కూర్చున్నారు. మురళి పెళ్ళి ఫోటోలు దింపి వాళ్ళవి తగిలించారు. వాళ్ళావిడ మా వంటింట్లో కాఫీ కలిపి తెచ్చింది. మురళీ కోడలూ షాపింగుకి వెళ్ళిపోయారు. నన్ను ఎక్కడ పెట్టాలో ఎవరికీ తోచలేదు.

"అంకుల్, మీరు జస్ట్ కూర్చోండి. ఏమైనా అడిగితే స్మైల్ చేయండి, అంతే" అన్నాడు వీరప్రసాద్. ఆ దొరసాని రాగానే నా భుజం మీద చెయ్యి వేసి, "మై ఫాదర్" అన్నాడు. కొడుకు కొలువు సంగతి తలుచుకుని పళ్ళు బిగబట్టి నవ్వాను.

జిమ్ములో ఆ మాట తెలుగులో అనగానే మనవాళ్ళ బెంచీలు చల్లబడ్డాయి. తెల్లవాళ్ళకి అర్థం కాక మొహాలు చూసుకుంటున్నారు. ఇంగ్లీషు లెక్చరర్‌ని కదా, వాళ్ళకి తర్జుమా చేసి వినిపించాను. మురళి నా చెయ్యి పట్టుకుని లాగుతూ, "నాన్నా, ప్లీజ్, ఇక్కడ సీన్ చేయొద్దు" అన్నాడు. సీను అప్పటికే అయిపోయింది. అవతలి జట్టు గెలిచింది. కార్తీక్ నా ముందు నుంచి వెళుతూ, "యూ రూయిన్డ్ ఎవ్రీథింగ్, తాతా" అన్నాడు.

నిజం చెబుతున్నా, నా ఛాతీ ఉప్పొంగింది. బయట కార్ల దగ్గర మేరీకుమారి కనబడితే, ఆమె నాలుగు మంచి మాటలు అంటుందని ఎదురెళ్ళాను.

"మీరు మావాడు దొంగ కాదని చెప్పలేదు సార్" అంది ఆమె. "ప్రసాద్ గారు కూడా దొంగేనని చెప్పారు."

ఆమె కారు తలుపు తీయబోయి ఆగింది.

"మా చెల్లెలింటి ముందు నుంచి రోజూ వాకింగ్ వెళతారంట కదా మీరు. పిల్లాడు చెప్పాడు, ఆ మంకీ క్యాపు తాతగారు అని. పొద్దున్నే వాడక్కడ బాల్ వేస్తూ కనబడతాడా లేదా?"

"కనబడతాడు."

"ఎప్పుడూ?"

"శనాదివారాలు తప్ప, ఎప్పుడూ. డెయిరీ నుంచి పాల సీసా తెస్తూ కూడా కనబడతాడు."

"అయితే ఆ మాట కమిటీలో వచ్చి చెప్పండి. మా చెల్లెలి మాట నమ్మడం లేదు, నా మాటా నమ్మడం లేదు. మీ మాట నమ్ముతారు. మీరు వాళ్ళ మనిషి కదా."

ఆ చివరి మాట నన్ను ఎక్కడ గుచ్చాలో అక్కడే గుచ్చింది.

మురళి ఆ రాత్రి నా గదిలోకి వచ్చి నిలబడ్డాడు. "నాన్నా, కమిటీలో ఆ మేడం ఉంటుంది. ఇంటికొచ్చినామె. మిమ్మల్ని చూస్తే గుర్తుపడుతుంది. అందరం బుక్ అయిపోతాం."

"గుర్తుపట్టనీ."

"జాబ్ పోతే ఎవరు చూస్తారు? ఆ జోయెల్‌గాడు మనకేమవుతాడని?"

"కార్తీక్‌కి ఆట నేర్పినవాడవుతాడు."

"అది నిరుడు!" అని తలుపు ధడాల్న వేసుకుని వెళ్ళిపోయాడు.

మంగళవారం వెళ్ళాను. నడిచే వెళ్ళాను, ఎవరూ కారు ఎక్కించుకోరు కదా. పొద్దున్న ఏం చూస్తానో అంతా చెప్పాను, ఎక్కువా లేదు తక్కువా లేదు. ఆ మేడం కళ్ళజోడు సర్దుకుని నన్ను చూసి గుర్తుపట్టింది. మీరు వీరప్రసాద్ తండ్రి కదా అని అడిగింది. నేను వీరప్రసాద్‌కి తండ్రిని కానని, అది మా అబ్బాయి ఇల్లని, ఆ రోజు నేనూ ఆ నాటకంలో కూర్చున్నానని చెప్పాను.

జోయెల్‌ని ఫైనల్ ఆడనిస్తామన్నారు. వీరప్రసాద్ కూతురు వచ్చే ఏడాది వేరే కాలేజీ చూసుకోవాలట. ఆ పిల్ల విషయంలోనే నాకు కష్టంగా ఉంది అక్కయ్యా. గేటు దగ్గర నన్ను చూసి "గుడ్ మార్నింగ్ తాతగారూ" అనేది. తండ్రి బుద్ధికి పిల్ల ఏం చేస్తుంది? ఆమె తండ్రి మాత్రం నాకు నిద్రలో కూడా జాలి పుట్టించడు. మేరీకుమారి ఫోను చేసి, "ఆడనిస్తారట సార్" అని పెట్టేసింది. థాంక్స్ అనలేదు. అనకపోవడమే నాకు బాగుంది.

ఇంట్లో నాతో మాటల్లేవు. కంచం టేబుల్ మీద పెట్టి వెళ్ళిపోతారు. కార్తీక్ అయితే ఆ పాటి మొహం కూడా చూపించడు. వచ్చే నెల సంఘం మీటింగులో అందరి ముందూ వీరప్రసాద్‌కి క్షమాపణ చెప్పాలని, లేకపోతే ఇండియాకి టికెట్ తీస్తానని మురళి అన్నాడు. తియ్యమన్నాను. కాబట్టి నీ ఇంట్లో ముందు గది ఖాళీ చేయించి ఉంచు. మంచం చాలు, గోడకి ఒక పుస్తకాల బీరువా. నీకు చేతికర్రగా అయినా పనికొస్తాను.

కానీ ఫైనల్ చూడకుండా కదలను. ఈ నెలాఖరు శనివారం. ఇంకో ఊరి కాలేజీ మీద. మనవాళ్ళందరూ ఆ ఊరి జట్టు వైపు కూర్చుని జోయెల్‌ని గేలి చేయడానికి ఇప్పటి నుంచే కేకలు తయారు చేస్తున్నారు, మురళి ఫోన్లో మాట్లాడుతుంటే విన్నాను. నేను అవతలి వైపు కూర్చుంటాను.

నీకు ఈ ఉత్తరం అందేసరికి ఇంకా వారం ఉంటుంది. ఆ శనివారం శివాలయానికి వెళ్ళి, ఆ పిల్లాడి పేరు మీద అర్చన చేయించు. పేరు జోయెల్ అని స్పష్టంగా చెప్పు. పూజారి గోత్రం అడుగుతాడు. మనదే చెప్పు.

చిన్నవాళ్ళకి నా ఆశీస్సులు, మన వీధి పెద్దలకి నా నమస్కారాలు. నన్ను దీవించు.

నీ తమ్ముడు,
సదాశివం