ఆడి నెలలో తెరిచిన సైట్

జూలై 14

ఇంట్లో మాట్లాడేది తెలుగే, చదవడం మాత్రం ఎవరికీ రాదు. నేను యూట్యూబ్‌లో నేర్చుకున్నాను. ఈ డైరీ దొరికినా భయం లేదు.

అమ్మాయిలను పనికి తీసుకెళ్ళే హోసూరు కంపెనీ వ్యాన్‌కు నాన్న నా పేరు ఇచ్చేశాడు. రెండు మూడు రోజుల్లో ఆడి నెల వస్తుంది, ఆషాఢంలాగే అందులో కొత్త పనికి పంపకూడదు కాబట్టి, అది పోయి ఆగస్టులో ఆవణి నెల పుట్టగానే ఎక్కాలి. అంతలోపల ఒక్క క్లయింట్ దొరికితే వ్యాన్ వద్దంటాడట. ఆరు నెలల వెబ్ డిజైన్ కోర్సు చేశాను. చూపించడానికి ఒక్క సైటూ లేదు.

జూలై 16

నంజప్ప మామ పాపారపట్టి రోడ్డులో కల్యాణ మండపం కట్టాడు, ఇంకా తెరవలేదు. దానికి వెబ్‌సైట్ కావాలట. ఆయన అమ్మకు దూరపు అన్న వరుస, అందుకని అమ్మే అడిగింది. పాప చేస్తే చెయ్యనీ, చూస్తాం, సేలం నుంచి కలైయరసన్ సారును గూడా పిలిచినాను, ఆయన పదిహేనేండ్లుగా ఇదే పనిలో ఉండాడు అన్నాడట.

ఆయన పోర్ట్‌ఫోలియో చూశాను. చూడకుండా ఉండాల్సింది.

జూలై 21

మండపం ఫోటోలు తీసి డెమో చేశాను. బాగుందిమ్మే అంది అమ్మ. అమ్మకు అన్నీ బాగుంటాయి.

జూలై 23

సేలం సార్ వచ్చి కాఫీ తాగి, ఆవణిలో తెరుద్దాం, తొందరేముంది అని వెళ్ళిపోయాడట. ఇంత స్లో మనిషికా నేను భయపడింది! మండపం పేరుతో డొమైన్ కొని, సైట్ లైవ్ చేసి, చుట్టాల వాట్సాప్ గ్రూపులో లింక్ పెట్టేశాను.

అదే రోజు, సాయంత్రం 6

కొంప మునిగింది.

మండపం తెరిచేసినారా, మాకు చెప్పనే లేదే అని గ్రూపులో ఒకటే గోల. మామ ఫోన్ చేసి అరిచాడు. ఏమ్మే కవిప్రియా, ఆడి నెలలో ఎవురైనా వాకిలి తెరుస్తారా, బుద్ధుందా నీకు అని. తీసేస్తాను మామా అన్నాను. అయ్యయ్యో, తెరిచిన వాకిలి మూస్తావా, అది ఇంకా కెట్టది, అరిష్టం, ముట్టుకోవద్దు అన్నాడు. పని సేలం సారుకే అని పెట్టేశాడు.

వ్యాన్‌కు ఆడి అడ్డం వచ్చిందని రోజూ దేవుడికి దండం పెట్టుకున్నదాన్ని నేనే. సైటుకూ అడ్డమని తోచలేదు. థూ, నా బుద్ధి!

జూలై 24

వాట్సాప్ గ్రూపు మ్యూట్ చేశాను.

ఆగస్టు 2

మామ దగ్గర నా నంబర్ తీసుకుని సేలం సార్ వాయిస్ మెసేజ్ పెట్టాడు, తమిళంలో. ఆ పేరుతో నా సైట్ ఉంది కాబట్టి, నాది తీస్తేగానీ తనది పెట్టలేడట. మామ తీయనివ్వడట. పాస్‌వర్డ్ అడుగుతాడనుకున్నాను. అడగలేదు. ఫోటోలు మరీ బరువుగా ఉన్నాయమ్మా, ఫోన్‌లో సైట్ తెరుచుకునేలోపల పెళ్ళివాళ్ళు వేరే మండపం చూసుకుంటారు, ముందు అవి తగ్గించు అన్నాడు.

చచ్చేంత సిగ్గేసింది. తగ్గించాను.

ఆగస్టు 12

మామ వాళ్ళమ్మ వచ్చింది. నేను వంటింట్లో దాక్కున్నా పిలిచింది. జోస్యుణ్ణి అడిగినాము, ఆడిలో తెరిచిన దోషం పోవాలంటే, తెరిచిన చెయ్యే ఆవణిలో దీపం పెట్టి మళ్ళా తెరవాలంట, ఇంకో చెయ్యి తగలకూడదంట, సేలం ఆయన్ను పంపించేసినాము, ఇంక నువ్వే చూసుకో పాపా అంది అవ్వ.

అమ్మ ఏడ్చింది. నాకు సంతోషమే. కానీ నా డిజైన్ నచ్చి ఇవ్వలేదు, దోషానికి భయపడి ఇచ్చారు. అది గుచ్చుకుంటోంది. ఆ మనిషి నా తప్పు దిద్దాడు, నా తప్పు వల్లే పని పోగొట్టుకున్నాడు.

నాన్న అంతా విన్నాడు. లేచి బయటికి పోయాడు. వ్యాన్ సంగతి అడగలేకపోయాను.

ఆగస్టు 17

ఆవణి పుట్టింది. దీపం పెట్టి సైట్ తెరిచాను. తెరవడమంటే రిఫ్రెష్ కొట్టడమే. అవ్వ లాప్‌టాప్‌కు కుంకుమ పెట్టింది. ఇప్పుడు బిరీన తెరుచుకుంటాదే అన్నాడు మామ. సేలం సారుకు థాంక్స్ పెట్టాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి.

ఇంటికొస్తే కంపెనీ యూనిఫాం ఇస్త్రీ చేసి మంచం మీద ఉంది.

ఆగస్టు 18, ఉదయం

వ్యాన్ హారన్ కొట్టింది. నాన్న లుంగీ ఎగ్గట్టుకుని బయటికి పోయి డ్రైవర్‌తో ఏదో చెప్పాడు. వ్యాన్ నేను లేకుండానే వెళ్ళిపోయింది.

ఇంక రెండో క్లయింట్ కావాలి. ఈసారి ఆడి నెల సాయం రాదు.