సొరుగులు బిగించిన సంగతి

శ్రీవారికి నమస్కారాలు.

ఇక్కడ అత్తయ్య, నేను, మీ కూతురు పిచ్చుక బాగానే ఉన్నాం. మీరూ అక్కడ ఒంట్లో బాగుండి, వేళకు తింటున్నారని అనుకుంటున్నాను. 'బాగానే ఉన్నాం' అని రాసేటప్పుడు ఈసారి కలం కాస్త ఆగింది. ఎందుకో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది. ఈ ఉత్తరం మాత్రం పని దిగాక, నేల మీద కూర్చుని చదవండి. జేబులో పెట్టుకుని పైకెక్కి చదవొద్దు.

మీ ఉత్తరం అందింది. వంతెనకు ఆఖరి దూలం ఎక్కించారనీ, ఇంజనీరు అందరిముందూ మిమ్మల్ని మెచ్చుకున్నాడనీ రాశారు. ఆ ముక్క అత్తయ్య మళ్ళీ మళ్ళీ చదివించుకున్నారు. ఆవిడ మోకాళ్ళ నొప్పుల గురించి అడిగారు. మందు రాస్తే తగ్గుతున్నాయి, మానేస్తే వస్తున్నాయి, ఆవిడ మానేస్తూనే ఉన్నారు. పైకప్పు కారడం ఆగిందా అన్నారు. వానలు ఆగాయి కాబట్టి అదీ ఆగింది.

'వంటింటి సొరుగుల జోలికి వెళ్ళకు, నేను వచ్చి చేస్తాను, నా మనసులో ఒక ప్లాను ఉంది' అని కింద గీత గీసి మరీ రాశారు. మీ ప్లాను ఏమిటో నాకు తెలియదు. సొరుగులు మాత్రం బిగించేశాను. నాలుగూ.

ఇలా ఒక్క వాక్యంలో రాస్తే మీరు నమ్మరు. మొదటినుంచీ చెబుతాను.

పోయిన సెలవులో బజారు నుంచి స్టీలు చానెల్స్ తెచ్చారు. లోపల గుండ్ల మీద జారుతూ పొడుగ్గా సాగే పట్టాలు. నన్ను పిలిచి, సాగదీసి చూపించి, ఇక సొరుగు లాగడానికి నీ రెండు చేతులూ అక్కర్లేదు, చిటికెన వేలు చాలన్నారు. నాకూ ఆశ పుట్టింది. ఆ సాయంత్రమే సొరుగులన్నీ బయటికి లాగి, ఇన్నేళ్ళూ అవి జారిన చెక్కపట్టీలను ఉలి పెట్టి ఊడబెరికి పారేశారు. కొలత చూసింది ఆ తర్వాత. సొరుగు గూటికి ఇరుకుగా సరిపోయేంత వెడల్పుంది. చానెల్స్ పట్టాలంటే ఇటొక అర అంగుళం, అటొక అర అంగుళం ఖాళీ కావాలి. పైగా సొరుగులుండే అల్మరా ముందు చట్రం పక్కగోడల కంటే లోపలికి పొడుచుకొచ్చి ఉంది. గోడకు చానెల్ కొడితే సొరుగు బయటికి రాకుండా చట్రానికే కొట్టుకుంటుంది. మీరు కాసేపు తల గోక్కుని, ఇది నిదానంగా చేయాల్సిన పని, వచ్చే సెలవులో చూద్దాం అన్నారు. గూళ్ళలో అడ్డంగా చెక్కముక్కలు పేర్చి, వాటిమీద సొరుగులు ఆనించి, బండెక్కి వెళ్ళిపోయారు.

మీరు మొదలుపెట్టినవన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. స్నానాలగది తలుపుకు ఒకవైపే రంగు. పిచ్చుక పుస్తకాల అల్మరా కోసం కోసిన పలకలు మంచం కింద. వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి విప్పుతారు. విప్పేటప్పుడు మీకుండే హుషారు చూసి పెళ్ళైన కొత్తలో నేను మురిసిపోయాను కూడా. మా ఆయన ఊరికే కూర్చోడని అందరికీ చెప్పుకునేదాన్ని.

ముందు వడ్రంగినే పిలిచాను. గుమ్మంలోనే నిలబడి లోపలికి తొంగిచూసి, ఎవరు విప్పారని అడిగాడు. మా ఆయన అన్నాను. గేటు బిగించేటప్పుడు మీరు అతనికే పని నేర్పబోయిన సంగతి ఇంకా మరిచిపోలేదు. మీ ఆయన చెయ్యి పెట్టినచోట నేను పెట్టనమ్మా, కావాలంటే మొత్తం పీకి కొత్తది చేస్తానని చెప్పి వెళ్ళిపోయాడు.

అప్పుడు మీ పనిముట్ల పెట్టె తెరిచాను. నేను బట్టలు కుట్టే మనిషిని. చొక్కా వదులైందని ఎవరైనా తెస్తే పక్కకుట్టు విప్పి, ఎంత తీయాలో సుద్దతో గీసి, కత్తిరించి మళ్ళీ కుడతాను. సొరుగైనా అంతే కదా అనుకున్నాను. అంతే కాదు. గుడ్డ తప్పు కోస్తే ఎక్కడో అక్కడ సర్దుకోవచ్చు, చెక్క సర్దుకోదు. మొదటి సొరుగు పక్కపలక ఊడదీసి, వెనకపలకను అంగుళం తగ్గించబోయి, గీతకు లోపలివైపు కోసేశాను. అది పనికిరాకుండా పోయింది. ఆ సొరుగు వెనకభాగం ఇప్పుడు వేరే రంగు చెక్కతో ఉంది. మీరు వచ్చినప్పుడు ముందు దాన్నే పట్టుకుంటారని తెలుసు.

అత్తయ్య కుర్చీ వేసుకుని గుమ్మంలో కూర్చున్నారు. సాయానికి కాదు, సాక్ష్యానికి. మావాడు వచ్చి చూసి ఏమంటాడో అని మేకు మేకుకీ అన్నారు. జవాబు చెబుదామంటే నా నోట్లో మేకులు ఉన్నాయి.

సొరుగులు తగ్గించాక గూళ్ళ పని పట్టుకున్నాను. పక్కగోడలు చట్రంతో సమంగా వచ్చేదాకా పలకముక్కలు వేసి కొట్టాలి. ఇంట్లో ఉన్న మంచి పలకలు మంచం కిందివే. పిచ్చుకను అడిగే తీసుకున్నాను. "తీసుకో అమ్మా, అది ఎలాగూ అవదు" అంది. పెద్దవాళ్ళు విసుగ్గా అన్నట్టు కాదు, రేపు బడి ఉంది అన్నంత మామూలుగా అంది.

తర్వాత చానెల్స్. ఎడమదానికంటే కుడిది గోరంత ఎత్తులో ఉంటే చాలు, సొరుగు సగం దాకా వచ్చి మొరాయిస్తుంది. స్క్రూలు విప్పడం, పాత కన్నాల్లో అగ్గిపుల్లలు దూర్చి పూడ్చడం, మళ్ళీ బిగించడం. అరచేతులు బొబ్బలెక్కి సూది పట్టుకోలేకపోయాను. కుట్టుపనికి తెచ్చినవాళ్ళను తిప్పి పంపాను. ఆఖరి సొరుగు ఎక్కించి వేలితో తోస్తే చప్పుడు లేకుండా లోపలికి వెళ్ళి కూర్చుంది. సంతోషం వేస్తుందనుకున్నాను. ఒళ్ళు మండింది. వచ్చే సెలవు, వచ్చే సెలవు అని మీరు నెట్టుకొచ్చింది నాకే చేతనైన ఈ పనినే.

ఇప్పుడు మీరు అడిగిన ఆఖరి ప్రశ్న. బడిలో పిచ్చుక పరుగుపందెం ఏమైంది, ఈసారీ మొదటి బహుమతేనా, దాని గురించి ఒక్క ముక్కా రాయవేం అన్నారు. అది పరిగెత్తలేదు.

మీరు వెళ్ళాక, పందేలకు ఇంకా టైముండగా, ఒక సాయంత్రం బడినుంచి వచ్చి గిన్నె కోసం పైసొరుగు లాగింది. గిన్నెలూ ఇనప పెనాలూ పెట్టే సొరుగు. మీరు పేర్చిన చెక్కముక్క పక్కకి జరిగింది. సొరుగు సొరుగంతా ఊడివచ్చి దాని కుడిపాదం మీద పడింది. నేను పక్కగదిలో మిషను తొక్కుతున్నాను. ఆ చప్పుడులో దాని అరుపు మొదట నాకు వినపడలేదు. వెళ్ళేసరికి పెనాల మధ్య కూర్చుని, రెండు చేతులతో పాదం పట్టుకుని, నేనేం చెయ్యలేదమ్మా అదే వచ్చేసింది అంటోంది. దెబ్బ తగిలిన పిల్ల తిడతానేమోనని భయపడుతోంది.

రెండు వేళ్ళు విరిగాయి. కట్టు విప్పాక చూస్తే వంకరగా అతుక్కున్నాయి. నడకకు ఇబ్బంది లేదు, పరుగు మాత్రం మునుపటిలా ఉండదని డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి చెప్పింది. పిచ్చుక తలుపు అవతల నిలబడి విన్నది.

సొరుగులన్నీ ఆ రోజే దించి నేలమీద పెట్టేశాను. మీకు రాయొద్దని అత్తయ్య అన్నారు. అంత ఎత్తున ఇనప దూలం మీద నిలబడేవాడు, మనసు చెదిరితే కాలు జారుతుందన్నారు. సరేనన్నాను. ఆవిడ తల్లి, ఆవిడ భయం నిజమే. కానీ నేను రాయకపోయింది అందుకు కాదు. ఈ మాట ఇవాళ చెప్పేస్తున్నాను. రాస్తే మీరు 'కంగారుపడకు, వచ్చి అన్నీ సరిచేస్తాను' అని జవాబు రాస్తారు. ఆ మాట ఇంకోసారి చదివే ఓపిక నాకు లేకపోయింది. మీ ప్రాణం కోసం దాచానని చెప్పుకుంటే నాకు మంచిపేరు వస్తుంది గానీ, అది అబద్ధం.

మరి ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, సొరుగులు పూర్తయ్యాక పక్కింటి పిన్నిగారు చూడటానికి వచ్చారు. అత్తయ్య ఒక్కోటీ తెరిచి మూసి చూపిస్తూ, మావాడు సెలవులో చేసి వెళ్ళాడని చెప్పారు. పిచ్చుక అక్కడే బల్ల దగ్గర లెక్కలు చేసుకుంటోంది. తల ఎత్తకుండానే అంది:

"నాన్న చేసింది నా కాలి మీద పడింది నానమ్మా. ఇవి అమ్మ చేసినవి."

పిన్నిగారు ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్ళిపోయారు. అత్తయ్య తెరిచిన సొరుగును మెల్లగా మూశారు. తర్వాత నా దగ్గరికి వచ్చి, "వాడికి రాసెయ్. ఇంక నేను అడ్డం రాను" అన్నారు. నా అరచేయి తీసుకుని బొబ్బలు చూశారు. ఈ ఇంటికి వచ్చినప్పటినుంచీ ఆవిడ నా చెయ్యి పట్టుకోవడం అదే మొదలు.

వచ్చే సెలవులో వంటింటి గోడ కొట్టి కిటికీ పెద్దది చేస్తానని రాశారు. గోడ జోలికి రావొద్దు. పనిముట్ల పెట్టెకు తాళం వేశాను, తాళంచెవి నా దగ్గరుంది. మీరు అడిగినా ఇవ్వను.

పిచ్చుకకు మీమీద కోపం లేదు. ఉంటే బాగుండేది. ఇదివరకు మీ ఉత్తరం రాగానే, నాన్న ఎప్పుడొస్తాడట అని ముందు అదే అడిగేది. ఈసారి కవరు తెచ్చి దాని ముందు పెడితే పక్కకి జరిపి పుస్తకం తెరుచుకుంది. నాన్న రాశాడే అన్నాను. చూశానమ్మా అంది. అంతే. మీరెప్పుడు వస్తారని నేను అడగడం మానేసి చాలా కాలమైంది, అది మీకు తెలియనే తెలియదు. పిల్ల మానేసిందని మాత్రం మీకు తెలియాలని రాశాను.

ఇట్లు,
పిచ్చుక వాళ్ళమ్మ