ఆరో తారీఖు ఓకే

మార్చి 2, ఆదివారం

మా ఆవిడ ఈ రోజు నా ఓకేలన్నీ ఏరి ముందు పెట్టింది. ఫోను పెట్టేయడానికి ఒక ఓకే అట. వినకుండానే విన్నట్టు ఒకటి. కోపం వస్తే పళ్ల మధ్య నుంచి ఒకటి. పని ఎగ్గొట్టాలనుకుంటే సాగదీసి ఇంకొకటి. నోరారా ‘సరే’ అనడం రాదా మీకు అని అడిగింది. ఓకే అన్నాను. గరిటె చూపించింది.

గురువారం తన తమ్ముడు ఇల్లు మారుతున్నాడు, సెలవు పెట్టమంది. దానికీ ఓకేనే.

నవ్వొచ్చింది కానీ, నేను బతికేదే ఆ మాట మీద. నిచ్చెనల ఫ్యాక్టరీలో చెకింగ్ నాది. అల్యూమినియం నిచ్చెన, ఏడు మెట్లు. ప్రతి మెట్టూ ఎక్కి, ఊగి, దిగి, అట్టముక్క ట్యాగు మీద ఓకే రాసి, సంతకం, తేదీ వేసి కట్టాలి. అది లేనిదే ఏ నిచ్చెనా గేటు దాటదు.

మార్చి 5, బుధవారం

ఇది రాయకూడదేమో. ట్యాగులు నేను పొద్దున టీ తాగుతూనే రాసేస్తాను. వంద ఓకేలు ఒక్క ఊపులో. ఆ తర్వాత నిచ్చెనలు వచ్చినవి వచ్చినట్టు కట్టడమే. కొత్తలో అన్నీ ఎక్కేవాణ్ని. తర్వాత మూడింటికి ఒకటి. ఇప్పుడు మోకాలు బాగున్న రోజు. చెకింగ్‌లో అందరం ఇంతే. సూపర్‌వైజర్‌కీ తెలుసు, చూడనట్టు ఉంటాడు.

ఈ రోజు రేపటివి కూడా రాసేశాను. ఆరో తారీఖు వేసి వంద. నేను లేనని పని ఆగకూడదు కదా. ప్యాకింగ్ ఆయన నేను కట్టేస్తాలే పోవయ్యా అన్నాడు.

మార్చి 6

బావమరిది బీరువా మోసి నడుం పట్టేసింది.

మార్చి 24, సోమవారం

ఒక నిచ్చెన తిరిగొచ్చింది. ఎవరో ఎలక్ట్రీషియన్ ఎక్కి ఉండగా నాలుగో మెట్టు ఊడింది. కాలు రెండు చోట్ల విరిగిందట. మెట్టును బిగించే రివెట్ ఒక పక్క సగమే దిగింది.

ట్యాగు ఇంకా వేలాడుతోంది. నా రాతే. తేదీ ఆరు.

సూపర్‌వైజర్ ఇది ఎక్కి చూశావా అని అడిగాడు. ఎక్కాను అన్నాను. ఏమీ తేడా కనిపించలేదా అన్నాడు. అప్పుడు ఓకేగానే ఉంది సార్ అన్నాను. సిగ్గుగా ఉంది. అంత తేలిగ్గా ఎలా అన్నానో నాకే తెలియడం లేదు.

మార్చి 25

రివెట్ మిషన్ మీద ఉండే చెల్లెమ్మను పని ఆపి ఇంటికి పంపేశారు. తప్పు మిషన్ దగ్గరే జరిగిందట. శుక్రవారం విచారణ. తీసేస్తారనే అందరూ అంటున్నారు. పదకొండేళ్లుగా నన్ను అన్నా అని పిలుస్తుంది. ఆమె జీతం మీద నలుగురు తింటారు.

వెళ్లేటప్పుడు నా వైపు చూసింది. నేను ట్యాగుల కట్ట వెతుకుతున్నట్టు వంగాను.

మార్చి 26, సాయంత్రం 6

చెల్లెమ్మ ఇంటికి వచ్చింది. మా ఆవిడ మంచినీళ్లిచ్చి వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది.

ఆరో తారీఖున మిషన్‌కి రివెట్ కొట్టేంత గాలి ఒత్తిడి అందలేదన్నా అంది. అనుమానం ఉన్నవి నాలుగు పక్కన పెట్టాను, అన్న రేపొచ్చి చూశాకే పంపండని చెప్పాను అంది. నేను రాసిపెట్టిన ట్యాగులు మిగిలి ఉంటే ప్యాకింగ్ ఆయన వాటికీ కట్టేశాడని నాకు అప్పుడు అర్థమైంది. నువ్వు ఏడో తారీఖు చూసే ఉంటావనుకున్నా, తీరా చూస్తే ట్యాగు మీద ఆరు ఉంది, ఆరున నువ్వు లేవు కదన్నా అంది.

హాజరు రిజిస్టరు తీయమంటే ఒక్క నిమిషం పని. ఆ మాట తనే అంది. మరి ఎందుకు అడగలేదని అడిగాను. నువ్వే చెబుతావని ఆగాను అంది.

ఓకే అన్నాను.

మా ఆవిడ గుమ్మంలోంచి నన్ను చూసింది. రెండో తారీఖున తను ఏరి పెట్టినవాటిలో ఈ ఓకే లేదు.

మార్చి 27

సూపర్‌వైజర్ గది దాకా మూడుసార్లు వెళ్లాను. మూడోసారి ఆయనే ఏంటి అని అడిగాడు. ట్యాగులు అయిపోయాయి సార్ అన్నాను.

మార్చి 28, శుక్రవారం, ఉదయం 7

మా ఆవిడ టీ గ్లాసు ముందు పెట్టింది. ఆ రోజు సెలవు పెట్టమన్నది నేనే, నేనూ వచ్చి చెప్పనా అంది. తిట్టినా బాగుండేది.

సాయంత్రం

చెప్పేశాను. అందరి ముందూ. నిచ్చెన ఎక్కలేదు, ఆ రోజు ఫ్యాక్టరీలోనే లేను, సోమవారం అబద్ధం చెప్పాను అన్నాను. సూపర్‌వైజర్ ఫ్యాను వైపు చూశాడు. ప్యాకింగ్ ఆయన నన్ను కొట్టేసేలా ఉన్నాడు. రిజిస్టరు తెచ్చారు. ఆరో గడిలో నా సంతకం లేదు.

చెల్లెమ్మ సోమవారం నుంచి పనికి రావచ్చు. నాకు రెండు వారాలు పని లేదు. అంతటితో వదిలినందుకు దండం పెట్టాను. అప్పుడూ సిగ్గేసింది. ఇంతా జరిగినా, ఆ ఎలక్ట్రీషియన్‌కి విరిగింది ఏ కాలో నేను అడగనేలేదు.

ఏప్రిల్ 4

అడిగాను. కుడికాలు. ఇంకా కట్టు తీయలేదట. వెళ్లి చూడడానికి మొహం చెల్లలేదు.

ఏప్రిల్ 14, సోమవారం

మొదటి నిచ్చెన చెల్లెమ్మే మోసుకొచ్చింది. ‘అన్నా’ అని పిలవలేదు. కింద గట్టిగా పట్టుకుని నిలబడింది. నేను దిగేదాకా వదల్లేదు.

ట్యాగు ఖాళీగా ఉంది. ‘ఎక్కాను’ అని రాశాను.