నురగ రాని సీసా

ఫిబ్రవరి 3, సోమవారం

కుడి బుగ్గ మీద కొత్తవి లేచాయి. గడ్డం మీది మొటిమ చీము పట్టింది.

కళ్ళజోళ్ళ షాపులో ఉద్యోగం నాది. ఫ్రేమ్ ముక్కు మీద సరిగ్గా కూర్చుందో లేదో చూడాలంటే కస్టమర్ ముఖానికి జానెడు దూరంలో నా ముఖం పెట్టాలి. ఎటు చూడాలో తెలియక వాళ్ళు నా మొటిమలే చూస్తారు. ఈరోజు ఒక పెద్దావిడ కొత్త కళ్ళజోడు పెట్టుకోగానే, అయ్యో తల్లీ, ముఖానికి ఏమైందమ్మా అంది. పవర్ సరిగ్గానే కుదిరిందండీ అని నవ్వాను. తర్వాత స్టోర్ రూమ్‌లోకి వెళ్ళి ఏడ్చాను.

ఫిబ్రవరి 5, బుధవారం

స్క్రబ్ కొన్నాను. నీలం రేణువులది. రుద్దుతుంటే ఇసుక కాగితంతో గీకినట్టుంది. మంట పుడితేనే పని చేస్తున్నట్టు లెక్క అని చిలక చెప్పింది. చిలక మా బిల్లింగ్ అమ్మాయి. నోరు మూయదు కాబట్టి ఆ పేరు. దాని బుగ్గలు మైనంలా ఉంటాయి, దానికేం తెలుసు?

అయినా రుద్దాను.

ఫిబ్రవరి 9, ఆదివారం

పొద్దుటి నుంచి ఎన్నిసార్లు కడిగానో గుర్తు లేదు. నవ్వితే చర్మం చిట్లుతోంది. నిమ్మరసం మంచిదని ఎవరో వీడియోలో చెప్తే గిన్నెలోకి నిమ్మకాయలు పిండుకుని అదీ రాశాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అమ్మ కుట్టుమిషన్ మీద నుంచి తలెత్తకుండానే, ఆ ముఖాన్ని కాస్త ఊపిరి పీల్చుకోనివ్వవే అంది. అమ్మకి చెప్పడం తేలిక.

ఫిబ్రవరి 11, మంగళవారం

చెల్లి బాత్రూమ్ తలుపు బాదుతూనే ఉంది. తియ్యలేదు.

ఫిబ్రవరి 13, గురువారం

మేనేజర్ గారు పిలిచి చాలా మెత్తగా మాట్లాడారు. అప్పుడే అర్థమైంది. ఇది అంటుకుంటుందా అని ఎవరో కస్టమర్ అడిగారట. తగ్గేదాకా వెనక గదిలో, అద్దాలు అరగదీసే మిషన్ దగ్గర కూర్చోమన్నారు. సరేనన్నాను.

ఆ గదికి కిటికీ లేదు. మిషన్ చప్పుడులో ఏడిస్తే ఎవరికీ వినిపించదు. అదొక్కటే సుఖం.

ఫిబ్రవరి 18, మంగళవారం

బయటికి వెళ్ళాలనిపించడం లేదు. మనుషులతో మాట్లాడేటప్పుడు చెయ్యి దానంతటదే గడ్డం మీదికి పోతోంది. ఇలాగే బతకాలా? ఈ ముఖం ఊడదీసి ఎక్కడైనా పారేసే వీలుంటే బాగుండు.

ఫిబ్రవరి 22, శనివారం, ఉదయం ఏడు

చెల్లి ముఖం.

ఎంత లేపినా లేవకపోతే దుప్పటి లాగాను. ముఖమంతా ఎర్రగా వాచిపోయి ఉంది. బుగ్గల మీద, ఎడమ కంటి కింద నీటిపొక్కులు. పదమూడేళ్ళ పిల్ల. నుదుటి మీద ఒకటో రెండో చిన్న మొటిమలు వచ్చాయట. నేను చూడనే లేదు. నా గోలలో నేనున్నాను.

నా స్క్రబ్ తీసి తోమింది. దాని మీద నా నిమ్మరసం రాసుకుని పడుకుంది. ఎందుకే అంటే, నాకూ నీలాగే అవుతుందేమోనని భయమేసిందక్కా అంది.

నీలాగే.

అదే రోజు, మధ్యాహ్నం

స్కిన్ డాక్టరమ్మ దగ్గరికి ముగ్గురం వెళ్ళాం. ఇలా చెయ్యమని నీకెవరు చెప్పారమ్మా అని ఆవిడ అడిగింది. ఎవరూ లేదండీ, నేనే చేశాను అంది చెల్లి. నావైపు చూడను కూడా లేదు. నన్ను చూసి చేసిందండీ అన్నాను.

అప్పుడు నన్నూ లైటు కిందకి రమ్మంది. తిట్టలేదు. మొటిమ మురికి కాదమ్మా, గిన్నె తోమినట్టు తోమడానికి అంది. తోమీ తోమీ పైపొర పోగొట్టుకున్నానట, అందుకే ఏది రాసినా మంట. చెల్లికి పొక్కుల మీదికి ఆయింట్‌మెంట్ ఇచ్చి, అవి మానేదాకా ఉత్త నీళ్ళతోనే కడగమంది. ఆ తర్వాత ఇద్దరికీ మెత్తని క్లెన్సర్, పొద్దున్నా సాయంత్రం. వాసన, రేణువులు ఉండకూడదు. దాని పని కడగడమే, మొటిమలకి మందు వేరే అంది. నాకు రాసిచ్చింది. నెలలు పడుతుందట.

చెల్లికి మచ్చలు పడతాయా అని అమ్మ అడిగింది. ఇప్పుడే చెప్పలేనంది.

ఫిబ్రవరి 26, బుధవారం

చెల్లి స్కూలుకి వెళ్ళనంటోంది. గోడ వైపు తిరిగి పడుకుంటోంది. అమ్మ నాతో మాట్లాడటం లేదు. ఇంట్లో కుట్టుమిషన్ ఒక్కటే మాట్లాడుతోంది.

మార్చి 2, ఆదివారం

మందుల షాపులో షెల్ఫ్ ముందు చాలాసేపు నిలబడ్డాను. ఇన్నాళ్ళూ సీసాల ముందువైపు చూసి కొన్నాను. ఈరోజు ఒక్కొక్కటీ వెనక్కి తిప్పి చదివాను. బొగ్గుది వద్దు. చల్లగా జివ్వుమనేది వద్దు. పూల వాసనది అసలే వద్దు. నురగ బాగా వచ్చేది ఒకటి తీసి, ఇదే బాగా పోతోందమ్మా అన్నాడు షాపాయన. ఇది చిన్నపిల్ల ముఖానికండీ అన్నాను. ఆయన వంగి, కింది అరలోంచి ఒక తెల్ల సీసా తీశాడు. దాని మీద ఏ అమ్మాయి ఫోటో లేదు.

ఇంటికొచ్చి ముందు నా చెవి వెనక రాసుకున్నాను. మంట పుట్టకపోతేనే చెల్లికి.

మార్చి 5, బుధవారం

మంట లేదు. ముఖం కూడా కడిగాను. నురగ లేదు, జివ్వుమనడం లేదు, ఏదీ జరిగినట్టే లేదు. తువ్వాలుతో అద్దుకుని కూర్చున్నాను. చర్మం బిగుసుకుపోతుందని ఎదురుచూశాను. బిగుసుకోలేదు.

మొటిమలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

మార్చి 10, సోమవారం

ముందుకి వచ్చి పని చేస్తానని మేనేజర్ గారితో చెప్పాను. ఇంకా తగ్గలేదు కదమ్మా అన్నారు. తగ్గలేదండీ, ఇది అంటుకునేది కూడా కాదు, ఎవరడిగినా నేనే చెప్తాను అన్నాను. ఆయన పెన్ను తిప్పుతూ, సరే, రేపటి నుంచి రా అన్నారు.

మార్చి 16, ఆదివారం

పొక్కులు మానాయి. కంటి కింద మచ్చ మిగిలింది. పోతుందో లేదో. మొదటిసారి ఆ క్లెన్సర్‌తో చెల్లి ముఖం నేనే కడిగాను. అయ్యాక నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, నా ముఖం అది కడిగింది. ఇంట్లో వాళ్ళెవరైనా నా బుగ్గ తాకి ఎన్నేళ్ళయిందో. కళ్ళు తెరవకక్కా అంది.

తెరవలేదు.