మాతే వరసలో మూడో మనిషి

మాంటెవిడియో,
4 మే 1993

గౌరవనీయులైన జుల్మా వదిన గారికి,
అన్సెల్మో నమస్కారాలు.

మీ చెల్లెలి చివరి రోజు ఎలా గడిచిందో రాయమని ఎనిమిది నెలలుగా అడుగుతున్నారు. తుంటి విరిగి అప్పుడు మీరు రాలేకపోయారు. నేను రాయలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నాను.

ఆగస్టు పద్దెనిమిది, మంగళవారం. మిర్తా ఏడింటికి లేచింది. సొరబుర్రలో ఆకు వేసి వేడినీళ్లు పోసుకుని రెండు బుర్రల మాతే తాగింది. మూడోది వద్దంది. కిటికీ తెరవమంది. ఎదురింటి రేడియోలో వాన వస్తుందని చెబుతుంటే, "వీళ్లు చెప్పిన వాన ఎప్పుడు పడింది గనక" అంది. పదకొండున్నరకు డాక్టరు వచ్చి వెళ్లాడు. మధ్యాహ్నం నాలుగు చెంచాల సూపు. నొప్పి లేదంది. నాలుగింటికి మళ్లీ మాతే కావాలంది. నేను వంటింట్లోకి వెళ్లి పాత ఆకు పారేసి, కొత్త ఆకు వేసి, నీళ్లు కాచుకుని నాలుగూ పదికి వచ్చాను. అప్పటికే పోయింది. వాన మాత్రం పడింది.

మీరు చెప్పిన నెలిదా గారిని కలుస్తాను. ఇలాంటివి ఎలా చేస్తారో నాకు తెలియదు. చెప్పండి.

ఇట్లు,
మీ మరిది అన్సెల్మో

తా.క.: ఒక అమ్మాయిని కలవడానికి నేను చివరిసారి వెళ్లింది 1955లో. అప్పుడు బెంచీ మీద మిర్తాకీ నాకూ మధ్య మీరు కూర్చున్నారు. ఈసారి ఆ ఏర్పాటు అక్కర్లేదనుకుంటాను.


తకువారెంబో,
8 మే

చిరంజీవి అన్సెల్మోకి,
వదిన ఆశీస్సులు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. కాసేపు ఏడ్చాను, తర్వాత లేచి గుమ్మడికాయ తరిగాను. అంతకంటే ఏం చేస్తాం చెప్పు.

నెలిదా సంగతి విను. నా బడి స్నేహితురాలి చెల్లెలు. మొన్నటిదాకా మీ ఊళ్లోనే గుండీల కొట్టు నడిపింది. భర్త విల్మర్ పోయి మూడేళ్లు. పైసాందూలో ఉన్న కొడుకు రమ్మని ఒకటే పోరు. ఈ నెల ఇరవై తొమ్మిదిన, శనివారం పొద్దున ఎనిమిదింటి బస్సుకి టికెట్టు కూడా కొనేసింది. వెళ్లిందంటే ఇక తిరిగి రాదు. మీ ఇద్దరికీ పొసగుతుందో లేదో ఆలోగా తేలిపోవాలి. నువ్వు కుర్చీలతో మాట్లాడుకుంటున్నావట. మీ పక్కింటి పొరోతా నాకు అన్నీ రాస్తుందిలే.

హోటలుకి తీసుకెళ్లకు. ఎదురెదురుగా కూర్చుంటే ఉద్యోగానికి పిలిచినట్టుంటుంది. మాల్విన్ ఇసుకతీరం గట్టు మీద బెంచీలో పక్కపక్కన కూర్చోండి, మాటలు అయిపోతే చూడ్డానికి నీళ్లుంటాయి. పగటిపూట వెళ్లు. గంట చాలు. మాతే నువ్వే పట్టుకెళ్లి నువ్వే పోసి ఇవ్వు. జబ్బుల గురించి ఎత్తకు. మధ్యలో ఎవరూ మాట్లాడని నిమిషం ఒకటి వస్తుంది. అప్పుడు లేచి పోవాలనిపిస్తే పొసగనట్టు, ఇంకాసేపు కూర్చోవాలనిపిస్తే పొసిగినట్టు. మిగతావన్నీ ఉత్తి మాటలు.

నీ మేలు కోరే,
జుల్మా

తా.క.: సర్వేయరు ఉద్యోగం నుంచి రిటైరై ఆరేళ్లయింది. కొలత టేపు ఇంట్లో పెట్టి వెళ్లు.


మాంటెవిడియో,
13 మే

పూజ్యులైన వదిన గారికి,

ఈ రోజు నాలుగింటికి కలిశాను. గట్టు, బెంచీ, పక్కపక్కన. టేపు తీసుకెళ్లలేదు. నెలిదా గారు మర్యాదస్తురాలు. నవ్వు ఆలస్యంగా వస్తుంది కానీ బాగుంటుంది. పొసగడం గురించి ఇంకా చెప్పలేను, ఎందుకంటే కొన్ని లెక్కలు కుదరలేదు.

నా థర్మాసులో లీటరు పడుతుంది. ఒక లీటరుకు పద్నాలుగు బుర్రలు వస్తాయి. ముప్ఫై ఆరేళ్లుగా చూస్తున్నాను. నేను ఐదు తాగాను. ఆమె నాలుగు. థర్మాసు ఖాళీ అయిపోయింది. ఇంటికొచ్చి నీళ్లు నింపి చూశాను. కారడం లేదు.

కారణం నాకు కొంత తెలుసు. మాతే ఒకే బుర్రతో వరసగా పోయాలి, వరసలో ఎవరినీ దాటేయకూడదు. నా చెయ్యి అలవాటు కొద్దీ వరసకోసారి నా ఎడమ పక్కన ఒకటి పోసి పెట్టింది. ఎడమ పక్కన ఎవరూ లేరు. తప్పు తెలిసి వెనక్కి తీసుకోబోయినప్పుడల్లా బుర్ర ఖాళీగా ఉంది. పీల్చే గొట్టం వెచ్చగా ఉంది. ఆమే తాగిందనుకున్నాను. నేనే తాగాననుకుని ఉంటుంది ఆమె. అడగడానికి ఇద్దరికీ మొహమాటం.

మీ
అన్సెల్మో

తా.క.: మీరు చెప్పిన ఎవరూ మాట్లాడని నిమిషం వచ్చింది. పరిశీలించేలోపు మధ్యలో ఎవరో దగ్గారు.


తకువారెంబో,
17 మే

అన్సెల్మోకి,

ఆశీస్సులు తర్వాత. ముందు సిగ్గుపడు.

నెలిదా దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఏం రాసిందో చదువు: "మీ మరిది నెమ్మదైన మనిషి, కానీ వెంట ఇంకో ఆవిణ్ణి ఎందుకు తెచ్చారో అర్థం కాలేదు. పొట్టిగా ఉంది, కాళ్లు నేలకి అందడం లేదు. పచ్చ స్వెటరు వేసుకుంది, మూడో గుండీ మాత్రం గోధుమరంగుది. గుండీలమ్మినదాన్ని కదా, అదే కనపడింది. నా వైపే చూస్తూ మా మాటలన్నీ వింది. పరిచయం కూడా చెయ్యలేదు."

ఎవరయ్యా ఆవిడ? పొరోతానేనా? చూడబోతే నాకు రాసే ఉత్తరాల్లో నీ మీద జాలి పడేది, వెనక ఇదన్నమాట భాగోతం. మొదటిసారి ఒకర్ని చూడ్డానికి వెళ్తూ ఇంకొకర్ని వెంటేసుకెళ్లే మగవాణ్ణి నిన్నే చూశాను. ఆ స్వెటరు ఎలాంటిదో నాకు తెలీదనుకోకు. నేనే అల్లి మిర్తాకిచ్చాను, గుండీ ఊడితే నేనే వేరే రంగుది కుట్టాను. నువ్వు గుర్తుగా పంపించావు, నా బీరువాలో ఉంది. అలాంటిదే ఇంకోటి అల్లించి పొరోతాకి తొడుగుతావా? మనసెలా ఒప్పింది?

ఇరవయ్యో తారీకున మళ్లీ వెళ్తున్నావు. ఒంటరిగా వెళ్లు.

జుల్మా

తా.క.: పొరోతా పొట్టిది కాదని ఇప్పుడే గుర్తొచ్చింది. అయినా నా కోపం పోలేదు.


మాంటెవిడియో,
20 మే

వదిన గారికి నమస్కారాలు.

నేను ఎవరినీ తీసుకెళ్లలేదు. మధ్యలో మూడో మనిషిని కూర్చోబెట్టే అలవాటు నాది కాదు. 1955 సంగతి మీకు గుర్తుండాలి.

ఈ రోజు కూడా ఒంటరిగానే వెళ్లాను. రెండు థర్మాసులు పట్టుకెళ్లాను. రెండూ అయిపోయాయి. మొదటిసారి వరసలో చేర్చిన మనిషిని రెండోసారి దాటేయలేకపోయాను. నెలిదా నాతో మాట్లాడుతూ మధ్యమధ్యలో నా ఎడమ భుజం వైపు చూసి తలాడించింది. ఒకసారి "అవునండీ, చలిగానే ఉంది" అంది. నేను చలి గురించి ఏమీ అనలేదు.

ఇక నేనూ ఒక ఫిర్యాదు చేయాలి. ఆమే ఒంటరిగా రాలేదు. అవతలి పక్కన లావుపాటి పెద్దమనిషి ఒకాయన బూడిదరంగు టోపీ పెట్టుకుని కూర్చున్నాడు. గంటసేపూ కమలాపళ్లు ఒలుచుకుంటూనే ఉన్నాడు. అన్నగారై ఉంటాడని ఊరుకున్నాను. ఆమె పరిచయం చేయలేదు. నన్ను తప్పుపట్టే ముందు ఇది కూడా చూసుకోవాల్సింది.

ఇంత జరిగినా ఆమెతో కూర్చోవడం నాకు నచ్చింది. ఇంటికొచ్చాక కూడా నేనింకా అక్కడే ఉన్నట్టుంది.

మీ
అన్సెల్మో

తా.క.: ఆయన డజను పళ్లు ఒలిచాడు. లేచేటప్పుడు చూశాను, ఒక్క తొక్క కూడా కింద లేదు.


తకువారెంబో,
24 మే

నాయనా అన్సెల్మో,

నెలిదాకి అన్నదమ్ములు లేరు. లావుపాటి మనిషి, బూడిదరంగు టోపీ, కమలాపళ్లు అంటే విల్మర్. దుకాణంలో కూర్చుని పళ్లు ఒలుచుకు తింటుంటే గుండీల డబ్బాలన్నీ అదే వాసనని ఆమె విసుక్కునేది. చెప్పాను కదా, ఆయన పోయి మూడేళ్లు.

నీ ఉత్తరం మడిచిపెట్టి లేచి బీరువా తెరిచాను. స్వెటరు ఉంది. మడత పెట్టినట్టే ఉంది. దాని చేతులు మోచేతుల దాకా తడి. దులిపితే ఇసుక రాలింది. ఆ గట్టు ఇక్కడికి నాలుగు వందల కిలోమీటర్లు అన్సెల్మో. నా తుంటి చూస్తే ఇలా ఉంది, బీరువా తాళంచెవి నా మెడలో ఉంది.

పొరోతాని అన్న మాటలకి క్షమాపణ రాశాను. దేనికో ఆవిడకి తెలీదు, ఇంకా కంగారుపడింది.

భయపడకు. నేనైతే భయపడుతున్నాను గానీ నువ్వు పడకు. మిర్తా నిన్ను ఎవరికో ఒప్పజెప్పే ముందు చూసుకోవడానికి వచ్చిందేమో. వద్దంటే వద్దని చెబుతుంది, దానికి మొహమాటం లేదు. శుక్రవారం మళ్లీ వెళ్లు. నెలిదా ఎదుటే మిర్తాని అడిగెయ్యి. శనివారం బస్సు ఆగదు.

వదిన

తా.క.: మిర్తా మాట్లాడితే అమ్మ రాగి గిన్నె ఎక్కడ దాచిందో అడుగు. దాన్ని వదిలిపెట్టి పోవడానికి మనసొప్పిందేమో గానీ, నాకు చెప్పి పోవడానికి ఒప్పలేదు.


మాంటెవిడియో,
28 మే, శుక్రవారం సాయంత్రం

పూజ్యులైన వదిన గారికి,
నమస్కారాలు.

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

కూర్చోగానే నెలిదా అడిగేసింది. "నిజం చెప్పండి. మీ పక్కనున్న ఆవిడ ఎవరు?"

"నా భార్య. మీ పక్కనాయన?"

"మా ఆయన."

కాసేపు నీళ్లకేసి చూసింది. "సరే. అందరం ఉన్నాం కదా, పొయ్యండి" అంది.

నాలుగు బుర్రల వరసలో పోశాను. అప్పటికి వాళ్లిద్దరూ బెంచీ అంచుల్లోంచి జరిగి మధ్యకి వచ్చేశారు. నేను ఒక కొసన, నెలిదా ఇంకో కొసన. ఇప్పుడు వాళ్లిద్దరూ మా ఇద్దరికీ కనబడ్డారు, మాటలు కూడా వినబడ్డాయి.

"మీ ఆయన నీళ్లు మరీ మరగబెడతాడండీ" అన్నాడు విల్మర్.

"ముప్ఫై ఆరేళ్లు చెప్పాను. వింటేగా" అంది మిర్తా.

"మా ఆవిడకి సరిగ్గా సరిపోతాడు. నాలుక కాలినా దానికి తెలీదు."

"వినబడుతోంది విల్మర్" అంది నెలిదా.

"వినబడాలనే."

మిర్తా నవ్వింది. కళ్లు తుడుచుకునేంత నవ్వింది. గిన్నె సంగతి అడిగాను. "అక్క అటక మీదే, పరుపుల వెనకాల ఉంది. దాచింది తనే, డెబ్భై ఎనిమిదిలో, నేను అడుగుతానని" అని నా వైపు చూడకుండానే చెప్పింది. విల్మర్ సగం కమలాపండు ఇచ్చాడు. మిర్తాకి కమలాపళ్లు పడవు. తినేసింది.

ఐదింటికి ఇద్దరూ లేచారు. గట్టు దిగి తీరం వెంట నడుచుకుంటూ వెళ్లారు. ఇసుకలో ఒక్క అడుగు కూడా పడలేదు. కొంత దూరం పోయాక మిర్తా ఆగి అతని కాలరు సరిచేసింది. వెనక్కి తిరుగుతుందని చూశాను. తిరగలేదు. మలుపు దగ్గర గాలి వీచి కాగితం ఏదో లేచింది, అది పడేసరికి అక్కడ ఎవరూ లేరు.

"పెళ్లిచూపులు మనవనుకున్నాం" అంది నెలిదా. "తోడొచ్చినవాళ్లం మనం."

నాకు కష్టంగా ఉంది వదినా. అసూయ అనే మాట ఈ వయసులో రాయాల్సి వస్తుందనుకోలేదు. తొమ్మిది నెలలుగా ఆమె నన్ను విడవలేక ఉందనుకున్నాను. వెళ్లడానికి ఆమెకి మంచి తోడు దొరికే దాకా ఆగిందంతే. చాలాసేపు ఏడ్చాను. నెలిదా కూడా ఏడ్చింది, నాకంటే తొందరగా ఆపేసింది. బెంచీ మీద మా మధ్య ఇద్దరు పట్టే ఖాళీ ఉంది. నేను జరగలేదు. ఆమె జరగలేదు.

తర్వాత లేచి, "రేపు ఎనిమిదింటికి నా బస్సు" అంది. నా ముఖం చూస్తూ నిలబడింది. నేను "జాగ్రత్తగా వెళ్లండి" అన్నాను. సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయింది. అది అనాల్సిన మాట కాదని ఇంటి గుమ్మంలోకి వచ్చాక తెలిసింది.

ఈ ఉత్తరం మీకు అందేసరికి బస్సు వెళ్లిపోయి ఉంటుంది. అందులో ఆమె ఉందో లేదో నాకిప్పుడు తెలియదు.

ఇట్లు,
మీ మరిది అన్సెల్మో

తా.క.: మిర్తా లేదని ఇంట్లో మొదటిసారి తెలుస్తోంది. రేపు ఉదయం ఆరున్నరకు నెలిదా తలుపు తట్టి, పైసాందూ వెళ్లొద్దని అడుగుతాను.