జానెడెత్తు మొక్కజొన్న

జూన్ 1, శనివారం. బ్రాంప్టన్

మెడిసిన్ సీటు రాక అగ్రికల్చర్, అమెరికా వీసా రాక కెనడా. మా ఇంట్లో నా బయోడేటా ఇంతే. ఈ రోజు సూర్యకుమారి పిన్ని ఇంట్లో పదిమంది ముందు మళ్లీ చదివారు. పిన్ని అమ్మకి సొంత చెల్లెలు. ఈ దేశంలో దిగిన మొదటి ఏడాది వాళ్ల బేస్‌మెంట్‌లోనే ఉన్నాను కాబట్టి నా గురించి ఆవిడ చెప్పిందే ఫైనల్. పాపం మా సుప్రజకి ఏదీ అనుకున్నది అందలేదండీ, అయినా ఏడవకుండా సర్దుకుపోయింది, బంగారం అంటూ నా ప్లేటులో ఇంకో గారె వేసింది.

అగ్రికల్చర్ నేను కావాలనే చేరాను. నీట్ రాయమంటే రాశాను. ర్యాంకు చూసి ఇంట్లో అందరూ నీరుగారిపోతే నేను మేడ మీదికెళ్లి హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా, పోనీలే పాపం అన్నట్టు నవ్వుతారు. ఈసారి చెప్పలేదు. గారె తిన్నాను. గారె చాలా బాగుంది, అది ఇంకో కోపం.

జూన్ 2, ఆదివారం. కిచెనర్

పిన్నికి తెలియనిది ఇది. మూడేళ్ల కిందట నాకు MS సీటిచ్చిన, ఇండియానా రాష్ట్రంలోని యూనివర్సిటీకే డిసెంబరులో మళ్లీ అప్లై చేశాను. సీటొచ్చింది, అసిస్టెంట్‌షిప్‌తో సహా. జూన్ 14 లోపల అవుననో కాదనో రాయాలి. అవునంటే ఆగస్టులో వెళ్లిపోవాలి. ఇక్కడే అక్టోబరు దాకా పనిచేస్తే ఏడాది పూర్తయి PR కి, అంటే ఈ దేశంలో ఉండిపోవడానికి, అప్లై చేసుకోవచ్చు. నాలుగు నెలలు. ఇప్పుడు వదిలేస్తే ఇన్నాళ్ల ఎదురుచూపూ వృథా.

పని అంటే, ఒక ఇన్సూరెన్స్ కంపెనీ సాఫ్ట్‌వేర్‌ని టెస్ట్ చేయడం. బటన్ నొక్కితే ఎర్రబడాలి. ఎర్రబడిందా లేదా చూసి రాయాలి. బాపట్లలో నాలుగేళ్లు అగ్రికల్చర్ చదివి ఇక్కడ బటన్ల ఆరోగ్యం చూస్తున్నాను.

ముందు ఒకసారి వచ్చి చూసి వెళ్లమని ప్రొఫెసర్ రాసింది. గురువారం బయల్దేరుతున్నాను. జనవరిలో డెట్రాయిట్ మీటింగ్ కోసం ఆఫీసు ఇప్పించిన విజిటర్ వీసా ఉంది. ఊరి పేరు మాత్రం ఇక్కడ రాయను. రాస్తే నాదైపోయినట్టు ఉంటుంది.

అదే రోజు, సాయంత్రం

ఒక పిచ్చి పని ఒప్పుకోవాలి. ఆ యూనివర్సిటీ ‘ఫాల్ 2021 అడ్మిట్స్’ వాట్సాప్ గ్రూపులోంచి నేను బయటికి రాలేదు. వీసా రాలేదని గ్రూపులో చెప్పనూ లేదు. మూడేళ్లుగా చదువుతూ కూర్చున్నాను. ఏ బస్సు సరుకుల కొట్టు దగ్గర ఆగుతుంది, ఏ అపార్ట్‌మెంట్‌లో బొద్దింకలు, లైబ్రరీ నాలుగో అంతస్తులో కిటికీ పక్క కుర్చీ దొరకాలంటే ఎన్నింటికి వెళ్లాలి, వెళ్లిపోయిన బ్యాచి ప్రెషర్ కుక్కర్ ఎవరికి ఇచ్చింది. అన్నీ నాకు తెలుసు. అక్కడెవరు తుమ్మినా తెలిసేంత తెలుసు.

ధాత్రి నాకు రూమ్మేట్ కావలసిన అమ్మాయి. లీజు మీద ఇద్దరి పేర్లూ ఎక్కాక నా వీసా పోయింది. MS అయిపోయి ఇప్పుడు అదే ల్యాబ్‌లో పనిచేస్తోంది. నాలుగు రోజులు వస్తానని మొన్న మెసేజ్ పెట్టాను. చాలాసేపు టైపింగ్, టైపింగ్ అని చూపించింది. చివరికి ఒక్క ముక్క: ఏ బస్సుకే?

జూన్ 4

అమెరికాలో ఒక చిన్న ఊరు చూడటానికి వెళ్తున్నానని ఫోన్‌లో అమ్మకి చెప్పాను. అక్కడేముంటుందే, పొలాలు తప్ప ఏమీ ఉండవటగా, నయాగరా చూశావు కదా అంది. గొంతు తగ్గించి, ఎవరైనా అబ్బాయా అని అడిగింది. కాదన్నాను. మరెందుకు అంది.

సిగ్నల్ సరిగా లేదన్నాను.

జూన్ 6, గురువారం. బస్సులో

బోర్డర్ దగ్గర ఆఫీసర్ ఎక్కడికి అన్నాడు. ఫ్రెండ్ దగ్గరికి అన్నాను. మళ్లీ కెనడా వెళ్తావా అన్నాడు. వెళ్తానన్నాను. స్టాంపు కొట్టేశాడు. మూడేళ్ల కిందట హైదరాబాద్ కాన్సులేట్‌లో ఒక ఫైలుడు కాగితాలు పట్టుకుని, చదువుకోవడానికి వెళ్తున్నానని నిజం చెప్తే నమ్మలేదు.

ఒహాయో దాటాక రోడ్డుకి రెండు పక్కలా మొక్కజొన్న. ఇంకా జానెడే. నల్లటి మట్టి మీద పచ్చ గీతలు, కంటి చివర దాకా. కిటికీ అద్దానికి ముక్కు ఆనించి చూశాను. పక్క సీటాయన చిప్స్ ప్యాకెట్ ఇటు చాపాడు. ఆకలనుకున్నాడు కాబోలు.

జూన్ 7, శుక్రవారం

ఊరు ఖాళీ. గ్రాడ్యుయేషన్ అయిపోయి పిల్లలంతా వెళ్లిపోయారు. ప్రతి ఇంటి ముందూ ఒక సోఫా, దాని మీద ‘ఫ్రీ’ అని కాగితం. సోఫా మీద ఉడతలు.

ధాత్రి నన్ను తిప్పి చూపిద్దామనుకుంది. నేనే తనని తిప్పాను. ఇటు కెమిస్ట్రీ బిల్డింగ్ వెనక నుంచి వెళ్తే దగ్గర అన్నాను. నీకెలా తెలుసే అంది. గ్రూపు సంగతి చెప్పాను. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. మూడేళ్లూ ఉన్నావా అంది. తర్వాత, నా బ్రేకప్ గోల కూడా చదివావా అంది. చదివానన్నాను. దరిద్రపుదానా, ఒక్క మాటైనా పలకరించొచ్చు కదా అని భుజం మీద గట్టిగానే కొట్టింది.

లైబ్రరీ నాలుగో అంతస్తులో ఎవరూ లేరు. కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాను. కింద చెట్లు, చెట్ల కింద ఎవరూ లేని బెంచీలు. ఇక్కడ కూర్చుని నేను రాసి ఉండాల్సిన పరీక్షలన్నీ గుర్తొచ్చాయి. రాయని పరీక్షలు ఎలా గుర్తొస్తాయో తెలియదు. ధాత్రి ఎదురు కుర్చీలో కూర్చుని కెనడా PR కి ఎన్ని పాయింట్లు కావాలని అడుగుతోంది. తనకి H1B లాటరీలో రెండుసార్లు పేరు రాలేదు. నువ్వు లక్కీవే సుప్రజా, నీకు రూటు క్లియర్ అంది. ఆ మాట నమ్మి అంటోంది. అందుకే భయమేసింది.

అదే రోజు, నాలుగింటికి

ల్యాబ్ చూశాను. ప్రొఫెసర్ మంచి మనిషి. చెయ్యి కలిపి, నాతో పాటు తనూ కింద కూర్చుని పిల్లిని చూపించినంత ముద్దుగా డ్రోన్‌ని చూపించింది. పొలం మీద వారానికోసారి డ్రోన్ తిరుగుతుంది. ఫొటోల్లో ఒక్కో మొక్క మీదా క్లిక్ చేసి పచ్చ చుక్క పెట్టాలి. చుక్కలు చూసి కంప్యూటర్ నేర్చుకుంటుంది. నేను చేయాల్సింది అదే, ఆ తర్వాత కంప్యూటర్ తప్పుల్ని పట్టుకోవడం. నీకు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ అనుభవం ఉండటం మాకు అదృష్టం అంది. మరి పొలానికి ఎప్పుడెప్పుడు వెళ్తారని అడిగాను. వెళ్లే అవసరం తప్పించడమే మా ప్రాజెక్టు అంది, గర్వంగా.

తొమ్మిది స్క్రీన్లు. వెలుతురు పడకుండా బ్లైండ్స్ దించేశారు. ఒక చివర పైకెత్తి చూశాను. బయట పొలం ఉంది.

జూన్ 8, శనివారం

పొద్దున ఆరింటికి ధాత్రి కారు తీసుకుని ఒక్కదాన్నే పొలానికి వెళ్లాను. తను నిద్రలోనే తాళాలు విసిరింది.

అక్కడ ఒక తెలుగాయన ఉన్నారు. దక్షిణామూర్తిగారు, డెబ్బై తొమ్మిదేళ్లు. ఈ డిపార్ట్‌మెంట్‌లోనే కొత్త మొక్కజొన్న రకాలు తయారుచేసి, రిటైరై పదకొండేళ్లయింది. అయినా ఆయనకని యాభై వరసలు వదిలారట. మోకాళ్లకి రబ్బరు తొడుగులు, తలకి గుడివాడ నుంచి తెచ్చుకున్న తువ్వాలు. ఏమ్మా ఏ కాలేజీ అన్నారు. బాపట్ల అనగానే, అయితే వంగగలవు, రా అన్నారు. ఇంకేం అడగలేదు.

నలభై రెండో వరసలో మొక్కలు బాగా తగ్గిపోయాయి. విత్తనం మొలవలేదని డ్రోన్ రిపోర్టు ఇచ్చింది. ఆయన పుస్తకంలోనూ అదే రాసుకున్నారు. నేను కూర్చుని చూశాను. మొలవకపోవడమేమిటి, మొలిచింది. మట్టికి సరిగ్గా ఆనించి కాండం ఎవరో కత్తిరించినట్టు ఉంది. వాడిన ఆకు పక్కనే పడి ఎండింది. వేలితో రెండంగుళాలు తవ్వితే దొరికింది. బూడిదరంగు పురుగు, నూనె రాసినట్టు మెరుస్తూ, ముడుచుకుని పడుకుంది. రాత్రంతా కొరికి పగలు మట్టిలో దాక్కునే రకం. అరచేతిలో పెట్టి ఆయనకి చూపించాను.

నా చెయ్యి కళ్లకి దగ్గరగా లాక్కుని చూశారు. తర్వాత పగలబడి నవ్వారు. మూడు వారాలుగా నా విత్తనాన్ని తిడుతున్నానమ్మా, పాపం దాని తప్పేం లేదు! లోపల తొమ్మిది స్క్రీన్లు పెట్టుకున్నారు, ఒక్కడికీ నడుం వంగదు, నాకేమో కళ్లు పోయాయి అన్నారు. పుస్తకంలో కొట్టేసి నా చేతే సరిగ్గా రాయించారు.

పదకొండింటి దాకా యాభై వరసలూ చూశాను. ఇంకా ఏడు చోట్ల దొరికాయి. వీపు మాడింది. ఆ ఐదు గంటల్లో నాకు ఇంకేదీ కావాలనిపించలేదు. ఇలా ఆఖరుసారి ఎప్పుడు జరిగిందో గుర్తులేదు.

మంచినీళ్లు తాగుతూ నా కిచెనర్, బటన్ల ఉద్యోగం గురించి చెప్తే, విని ఆయనే చెప్పారు. మీ ఒంటారియోలోనే, లీమింగ్టన్‌లో, టొమాటో గ్రీన్‌హౌసులు కొల్లలు. నా పాత స్టూడెంట్ ఒకడు వాటిల్లో పురుగుల నిఘా చూస్తాడు, రోజూ వరసల్లో నడిచి ఆకు తిప్పి చూసే మనిషి కావాలని నా ప్రాణం తీస్తున్నాడు, జీతం నీకిప్పుడొచ్చే దానికన్నా తక్కువే, ముందే చెప్తున్నా అన్నారు. వెళ్లమనలేదు, వద్దనలేదు. నంబర్ ఇచ్చారు.

జూన్ 9, ఆదివారం

బస్సు దగ్గర ధాత్రి వాటేసుకుని, ఆగస్టుకి నా పక్క గది ఖాళీ అవుతుంది, ఓనర్‌కి చెప్పి పెట్టనా అంది. చెప్పొద్దని అనలేకపోయాను. కిటికీలోంచి ఆ ఊరు వెనక్కి వెళ్లిపోతుంటే మళ్లీ కావాలనిపించింది, మొన్న ల్యాబ్ చూశాక కూడా. సిగ్గులేని మనసు.

జూన్ 10

బూట్లు అక్కడే కడుక్కుని వచ్చాను, మట్టిని బోర్డర్ దాటించకూడదు. ఇవాళ మీటింగ్‌లో చూసుకుంటే గోటి సందులో కాస్త ఉంది.

జూన్ 12, బుధవారం

లంచ్ టైమ్‌లో లీమింగ్టన్ ఆయనతో ఫోన్. డిగ్రీ అడగలేదు. తెల్లదోమ గుడ్లు ఆకుకి ఏ వైపు ఉంటాయి అన్నాడు. అడుగున అన్నాను. పేనుబంక ముందు ఎక్కడ కనిపిస్తుంది అన్నాడు. లేత చిగుళ్లలో, లేకపోతే చీమల వెనకాలే వెళ్తే దొరుకుతుంది అన్నాను. ఎప్పుడొస్తావు అన్నాడు.

నా PR కాగితాలు చూసే కన్సల్టెంట్‌ని అడిగాను. ఆ ఉద్యోగం PR కి లెక్కలోకి రాదన్నాడు. అక్టోబరు దాకా ఆగి తర్వాత ఏ పురుగుల్నైనా పట్టుకోండి మేడమ్ అని నవ్వాడు. కానీ లీమింగ్టన్‌లో మనిషి కావాల్సింది ఇప్పుడు.

సాయంత్రం ఇంట్లో అమెరికా సీటు సంగతీ, దాన్ని కాదని లీమింగ్టన్ వెళ్తున్న సంగతీ చెప్పేశాను. కాన్ఫరెన్స్ కాల్. పిన్ని ముందు అందుకుంది. అమెరికా కాళ్ల దగ్గరికొస్తే వద్దంటావా, ఇక్కడ PR చేతికొచ్చేవేళ అదీ వద్దంటావా, టమాటాల్లో పురుగులేరడానికా నిన్ను బేస్‌మెంట్‌లో పెట్టుకుని ఏడాదిపాటు వండి పెట్టింది? అమ్మ అరవలేదు. ఒక్క నాలుగు నెలలు ఆగమ్మా, నా కోసం అంది. ముందు కాలేజీ అయ్యేదాకా ఆగమంది, తర్వాత ఉద్యోగం వచ్చేదాకా, తర్వాత PR దాకా. ఆ తర్వాత కూడా ఏదో ఒకటి ఉంటుంది, అమ్మకే తెలియదు అదేమిటో. అమ్మ ఫోన్ పక్కకి పెట్టి ఏడ్చింది, నాకు వినపడకూడదని. వినపడింది.

జూన్ 14, శుక్రవారం

ప్రొఫెసర్‌కి రానని రాశాను. ఇక్కడ రిజైన్ చేశాను. జూలై 2న లీమింగ్టన్‌లో చేరుతున్నాను. గాజు కప్పు కింద పద్దెనిమిదెకరాల టొమాటో.

ఆగను.