సగం ఉతికిన స్వెటర్

లూలియో

ఒరేయ్ టూరే,
మీ గున్వోర్ అత్త ఆశీస్సులు. మా అపార్ట్‌మెంటు కింద అందరికీ కలిపి ఒకే ఉతుకుగది ఉంది కదా. మూడో అంతస్తులో ఉండే సిక్స్‌టెన్ అనేవాడు పొద్దున దూరితే సాయంత్రందాకా మిషన్ వదలడు. మిగతావాళ్ళు గోడ నిండా తిట్లు రాసి అంటిస్తున్నారు. మా అపార్ట్‌మెంటు సంఘం వార్షిక సమావేశంలోగా ఇది సర్దకపోతే నా అధ్యక్ష పదవి ఊడుతుంది. నువ్వూ ఏదో మిషన్ చేస్తున్నావటగా, దాంట్లో ఇలాంటి గొడవ రాదా?
ఇట్లు, అత్త
తా.క.: పెళ్ళాం పోయిన ఒంటరివాడికి అన్ని బట్టలెక్కడివిరా?

స్టాక్‌హోం

అత్తా, బాగున్నావా?
మాది కంప్యూటర్‌లో నడిచే ఇంకో కంప్యూటర్. రకరకాల ప్రోగ్రాములు దానిమీద బతుకుతాయి. ఒకటి మొండికేస్తే అన్నీ ఆగుతున్నాయని కొత్త పద్ధతి పెడుతున్నాం. ఎవరి సామాను వాళ్ళదే, ఇంకొకరు ముట్టుకోరు. మాట్లాడాలంటే ఎదుటివాళ్ళ పెట్టెలో ఉత్తరం వెయ్యాలి. వంతు అయిపోతే పని మధ్యలోనైనా ఆపేస్తాం. మళ్ళీ వంతొస్తే ఆగినచోటి నుంచే మొదలు.
నీ టూరె
తా.క.: ఇది మనుషుల మీద వాడకు.

లూలియో

బంగారుకొండా,
నీ పద్ధతి ఇక్కడా పెట్టేశాను! గంట మోగితే నురగతో సహా ఎవరి బట్టలు వాళ్ళు తీసుకుపోవాలి. సిక్స్‌టెన్ స్వెటర్ సగం ఉతికాం, మిగతా సగం మంగళవారం. "ఏంటండీ ఈ దౌర్జన్యం!" అని అరిచాడు. నోటిమాట చెల్లదు, ఉత్తరం రాయమన్నాను. రోజూ రాస్తున్నాడు, నేనూ జవాబులిస్తున్నాను.
అత్త
తా.క.: దస్తూరీ బాగుంది ఆయనది.
ఇంకో తా.క.: నీ ఉత్తరంలో తా.క. చదవలేదు. అక్కడికి నా వంతు అయిపోయింది.

స్టాక్‌హోం

అత్తా, కొంప ముంచావు!
సమావేశం ఏమైంది? ఇక్కడ కంపెనీ పెద్దల ముందు మా మిషన్ పరువు తీసింది. రెండు ప్రోగ్రాములు ఒకదాని ఉత్తరం కోసం ఇంకొకటి చూస్తూ కూర్చున్నాయి. గొడవ లేదు, పనీ లేదు. ఏం చెయ్యను?
టూరె

లూలియో

ఒరేయ్ టూరే,
సమావేశంలో నా ప్రసంగం సగంలో గంట మోగింది. ప్రసంగాలకీ నేను పెట్టిన గంట నియమమే కదా, నోరు మూసుకున్నాను. తర్వాతి వంతు సిక్స్‌టెన్‌ది. నా పని అయిపోయిందనుకున్నాను. ఆయన లేచి, "నా వంతు ఆవిడకే ఇచ్చేస్తున్నా, చెప్పనివ్వండి" అన్నాడు. పదవి నిలిచింది.
ఆ తర్వాత ఉత్తరాలు ఆగిపోయాయి. నేను రాస్తానని ఆయన, ఆయన రాస్తాడని నేను. పెట్టె చూసి చూసి కళ్ళు కాయలు కాశాయి, చెడ్డ దిగులేసింది. చివరికి మెట్లెక్కి తలుపు కొట్టాను. నీ మిషన్‌లోనూ ఎవరో ఒకరు తలుపు కొట్టే ఏర్పాటు చెయ్యి.
మేం పెళ్ళి చేసుకుంటున్నాం. ఎవరింట్లో వాళ్ళమే ఉంటాం, ఎవరి సామాను వాళ్ళదే.
అత్త
తా.క.: తలుపు తీసినప్పుడు ఆ స్వెటరే వేసుకున్నాడు, కుంచించుకుపోయి బొడ్డు దాకా రాలేదు. అన్ని బట్టలెక్కడివని అడిగేశాను. "ఉతికినవే మళ్ళీ ఉతికేవాణ్ణి. తిట్టడానికైనా మీరు కిందికొస్తారని" అన్నాడు.